వియ్యంకుల మర్యాద

బస్సు దిగేసరికి పన్నెండూ పది. ఫార్మసీ షట్టరు ఒంటిగంటకి దించేస్తారు. కూతురి పెళ్ళి ముహూర్తం రేపు పొద్దున పదింటికి. ఈ మూడు లెక్కలూ తలలో తిరుగుతుండగా ఆంజనేయప్రసాద్ ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు.

ఆయన నడుముకి రెండు ఆపరేషన్లయ్యాయి. చేసినవాళ్ళు తర్వాత తీసిన స్కాన్లు చూసి మురిసిపోయారు. నొప్పి మాత్రం నడుము దగ్గర అంటుకుని ఎడమ మడమ దాకా కాలిన తీగలా సాగుతూనే ఉంది. పేటలోని జీపీ డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగితే ఆఫీసు మీటింగుల్లో గురక పెట్టేవాడు. చివరికి ఒక స్పెషలిస్టు క్లినిక్ వాళ్ళు ఆయన ఫైళ్ళన్నీ తిరగేసి, ఎనిమిది నెలల క్రితం ఓ చిన్న సీసా రాసిచ్చారు. పొద్దునా సాయంత్రం నాలుక కింద కొలిచిన చుక్కలు. నొప్పి పోలేదు. పక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆయనకి అంతే చాలు.

సీసా మీద లాటిన్‌లో ఏదో పేరుంది. తెలుగులో దాని పేరు గంజాయి.

ఈ దేశంలో దాన్ని స్పెషలిస్టు రాసిస్తే మందు, వీధి చివర కొంటే నేరం. ఆంజనేయప్రసాద్ పుట్టి పెరిగిన ఒంగోలులో అలాంటి తేడాలుండవు, దేనికైనా పోలీసు జీపే వస్తుంది. అందుకని ఈ సంగతి భార్య శివపార్వతికీ కూతురు సిరికీ తప్ప లండన్ శివారు హారోలో మూడో తెలుగువాడికి తెలియదు. తెలిస్తే ఆదివారం సాయంత్రానికి కార్డిఫ్ దాకా పాకుతుంది.

ఈ నెల మందు పెళ్ళి హడావుడిలో ఇంటికే పంపమన్నాడు. గురువారం కొరియర్ దాన్ని తెచ్చాడు. ఐడీ చూపించి సంతకం పెట్టాల్సిన మనిషి ఆ సమయంలో పెళ్ళి హాలు ముందు నిలబడి, అరటి బోదెలు తెచ్చిన వ్యాను ఎక్కడ ఆపాలో పార్కింగ్ వార్డెన్‌తో వాదిస్తున్నాడు. సీసా వచ్చిన దారినే ఫార్మసీకి వెనక్కి పోయింది. ఇంట్లో ఉన్న పాత సీసా బుధవారమే ఖాళీ.

రేపు కన్యాదానానికి పీట మీద గంటన్నర కూర్చోవాలి. మందు లేకుండా ఆయన పది నిమిషాలు కూర్చోగలడు. పదకొండో నిమిషానికి పక్కకి ఒరుగుతాడు.

"డాడ్, జస్ట్ గో అండ్ గెట్ ఇట్," అంది సిరి పొద్దున గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని, తల్లి చేత టోస్టు తినిపించుకుంటూ. "ఇట్స్ మెడిసిన్. నోబడీ కేర్స్."

నోబడీ అంటే ఇంగ్లీషువాళ్ళు. ఆ నోబడీలో తెలుగువాళ్ళు రారని ఈ దేశంలో పుట్టిన పిల్లకి ఎలా చెప్పడం?

ఫార్మసీ ఒక ఇండస్ట్రియల్ ఎస్టేటులో, టైర్ల షాపుకీ కార్పెట్ల గోడౌనుకీ మధ్య ఉంది. బోర్డు లేదు. నంబరు ఒకటి, మసక అద్దాల తలుపు ఒకటి. అక్కడ దగ్గు మందు అమ్మరు, షాంపూ అమ్మరు. ఆ క్లినిక్కుల వాళ్ళు రాసే మందు తప్ప ఇంకేమీ దొరకదు. కాబట్టి అక్కడికి ఎవరూ పొరపాటున రారు.

ఎనిమిది నెలల క్రితం మొదటిసారి వచ్చినప్పుడు ఆంజనేయప్రసాద్ ఆ మందుని కొత్తిమీర కట్ట కొన్నట్టు కొన్నాడు. ఏది తాజాగా వచ్చిందని అడిగాడు. మూత తీసి వాసన చూపించమన్నాడు. పక్కన కూర్చున్న ఆవిణ్ణి, మీకేం జబ్బు, ఎన్ని చుక్కలు, ఎన్నాళ్ళకి గుణం కనిపించింది అని ఆరా తీశాడు. ఆవిడ లేచి వెళ్ళి దూరంగా కుర్చీ వెతుక్కుంది. మరుసటి నెల గోడ మీద కొత్త నోటీసు వెలసింది. అందులో ఉన్న తొమ్మిది అంశాల్లో ఆరు తన గురించేనని ఆయన అనుమానం.

నేర్చుకున్నాడు. ఆ చోటి మర్యాద అంతా ఒక్కటే: ఎవరూ ఎవరినీ చూడరు. లోపలికి రావాలి, నేల చూడాలి, పిలిస్తే లేచి పేరూ పుట్టిన తేదీ చెప్పాలి, సంచీ తీసుకుని నేల చూస్తూ వెళ్ళిపోవాలి. పెళ్ళి భోజనాల్లో ఎవరి విస్తట్లో ఏముందో చూస్తూ పెరిగిన మనిషికి అది తేలికైన విద్య కాదు. అయినా వంటబట్టింది.

ఆ రోజు కూడా నేల చూస్తూనే లోపలికి వచ్చాడు. నేల మీద ఒక జత గోధుమరంగు బూట్లు కనిపించాయి.

ఆ బూట్లు ఆయనకి తెలుసు. నిశ్చితార్థం రోజు గుమ్మంలో వానకి తడుస్తుంటే తనే స్వయంగా తీసి లోపల పెట్టాడు.

మెల్లగా తలెత్తాడు. బూట్ల మీద ప్యాంటు, ప్యాంటు మీద కోటు, కోటు మీద మాస్కు, మాస్కు మీద నల్ల కళ్ళద్దాలు, వాటన్నింటి మీదా క్రికెట్ టోపీ. ఇన్ని తొడుక్కున్నా కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఆ తీరు దాగలేదు. వియ్యంకుడు రామమోహనరావు! నాటింగ్‌హామ్‌లో ట్రెంట్ తీర తెలుగు వేదికకి అధ్యక్షుడు. ఏటా ఉగాదికి మత్తుపదార్థాల మీద నలభై నిమిషాలు మాట్లాడే మనిషి. నిశ్చితార్థంలో కేకు ముక్క నోట్లో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, అందులో రమ్ము చుక్క పడిందేమోనని కేటరింగ్ వాళ్ళని పావుగంట నిలదీసిన మనిషి.

తెలివిగలవాడైతే ఆంజనేయప్రసాద్ వెనక్కి తిరిగి వెళ్ళి, టైర్ల షాపులో పది నిమిషాలు కాలక్షేపం చేసి వచ్చేవాడు. కానీ ఆడపిల్ల తండ్రికి వియ్యంకుడు కనిపిస్తే చేతులు వాటంతటవే జోడవుతాయి.

"నమస్కారం బావగారూ!" అన్నాడు, గదంతా వినిపించేలా.

గదిలో ఇంకో నలుగురున్నారు. నలుగురూ ఇంకాస్త గట్టిగా నేల చూశారు.

రామమోహనరావు కళ్ళద్దాలు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "మీరా? ఇక్కడా?"

"మీరు...?"

"నేనా? నాకేం పని? మా ఫ్రెండు కోసం వచ్చాను," అన్నాడు రామమోహనరావు. "పాపం, మనిషి మంచాన ఉన్నాడు. మోకాళ్ళు. మోకాళ్ళూ నడుమూ. మొత్తం ఒళ్ళే అనుకోండి."

"నేనూ అంతేనండీ. ఫ్రెండు కోసమే."

"ఎవరు?"

"నవదీప్ అని. మీకు తెలీదు లెండి. మీ ఫ్రెండు?"

"సదాశివం. మా నాటింగ్‌హామే."

"నాటింగ్‌హామ్ ఆయన మందు హారోకి రావడమేమిటండీ?"

రామమోహనరావు ఒక్క క్షణం ఆలోచించాడు. "మొహమాటస్తుడు," అన్నాడు.

ఆ మాటతో ఆంజనేయప్రసాద్‌కి మొత్తం అర్థమైపోయింది. నాటింగ్‌హామ్‌లో ఎవరైనా చూస్తారని ఈ పెద్దమనిషి నూట ముప్ఫై మైళ్ళ అవతల ఫార్మసీ ఎంచుకున్నాడు. కొడుకు పెళ్ళి వంకన వచ్చి, పనిలో పనిగా పట్టుకుపోదామనుకున్నాడు. అర్థమైనట్టు కనిపించకూడదు. అటు ఆయనకీ అర్థమై ఉంటుంది. అదీ కనిపించనివ్వడం లేదు.

"నెక్స్ట్, ప్లీజ్," అంది కౌంటరు వెనక ఫార్మసిస్టు. ముప్ఫై దాటని అమ్మాయి. బ్యాడ్జీ మీద 'జ్యోతి' అని ఉంది.

వంతు రామమోహనరావుది. ఆయన లేవలేదు. లేస్తే కౌంటరు దగ్గర పేరూ పుట్టిన తేదీ పైకి చెప్పాలి.

"మీరు కానివ్వండి బావగారూ," అన్నాడు.

"అయ్యో, ఎంత మాట! మగపెళ్ళివారు. మీరు ముందు."

"పెళ్ళి పనులున్నవారు మీరు. మీరే ముందు."

"మీరు కూర్చుని ఉండగా నేను ముందా? చూసినవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనివ్వండి, మనలో మనకేమిటి?"

వెనక నిలబడ్డ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఇటుక పని చేసిన చేతులు, మెడ మీద పచ్చబొట్టు, చేతిలో ఊతకర్ర. "టేక్ యువర్ టైమ్, జెంట్స్," అన్నాడు చిరునవ్వుతో. ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఆంజనేయప్రసాద్‌కి ఆ మాట అర్థం తెలుసు. తెలుగులో అయితే దానికి ముందు అమ్మనీ, తర్వాత అక్కనీ తలుచుకుంటారు.

వియ్యంకులిద్దరూ ఒకేసారి పక్కకి జరిగి, ఆయనకి దారిచ్చారు. ఆయన వెనక ఉన్నావిడకీ ఇచ్చారు. ఆవిడ వెనక తల్లీకొడుకులకీ ఇచ్చారు. అంతటి త్యాగం ఆ గదిలో ముందెప్పుడూ ఎవరూ చూసి ఉండరు. చివరికి గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. గోడ గడియారం పన్నెండూ ముప్ఫై నాలుగు చూపిస్తోంది.

ఇక దాక్కోవడానికి క్యూ కూడా లేదు. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ, ఒకరిని ఒకరు ముందుకి తోసుకుంటూ కౌంటరు చేరారు.

"కలెక్ట్ చేసుకునేది మీ కోసమా, వేరేవాళ్ళ తరఫునా?" అని ఇంగ్లీషులో అడిగింది ఫార్మసిస్టు.

"ఫ్రెండు," అన్నారు ఇద్దరూ.

"అయితే పేషెంటు రాసిచ్చిన ఉత్తరం కావాలి. మీ ఐడీ కూడా. ఇది కంట్రోల్డ్ డ్రగ్ కదా, ఉత్తరం లేకుండా నేను ఇవ్వను."

ఆంజనేయప్రసాద్ మోకాలి వెనక నరం ఒకసారి పిడికిలి బిగించి వదిలింది. సీసా ఆ అద్దం వెనక, ఆరడుగుల దూరంలో ఉంది. దాని మీద తన పేరుంది. జేబులో తన పేరుతోనే డ్రైవింగ్ లైసెన్సు ఉంది. మధ్యలో అడ్డుగా నవదీప్ ఒకడు నిలబడ్డాడు.

రామమోహనరావు ఆయన మోచెయ్యి పట్టుకుని అరడుగు పక్కకి లాగాడు. "ఈ పిల్ల శ్రీలంక పిల్లలా ఉంది, తెలుగు రాదు," అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించకుండానే. "నేను చెప్పినట్టు చెయ్యండి. సదాశివం రాసినట్టు నాకు మీరు ఉత్తరం రాయండి. నవదీప్ రాసినట్టు మీకు నేను రాస్తాను. ఎవరి చేతిరాతతో వాళ్ళు రాసుకుంటే పట్టుకుంటారు. ఇలాగైతే బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు."

మాదకద్రవ్యాల మీద నలభై నిమిషాలు మాట్లాడే మనిషి బుర్ర ఇంత వేగంగా పనిచేస్తుందని ఆంజనేయప్రసాద్ ఊహించలేదు. కానీ సమయం లేదు. వేరే దారీ కనిపించలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ, పేపర్ అండ్ పెన్?" అని రామమోహనరావు ఫార్మసిస్టునే అడిగాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి, రెండు తెల్ల కాగితాలూ రెండు పెన్నులూ అద్దం కింద నుంచి తోసింది.

"రాయండి," అన్నాడు రామమోహనరావు, సంఘం తీర్మానం చదివే గొంతుతో. "నేను, సదాశివం, మోకాళ్ళ నొప్పుల వల్ల లేవలేని స్థితిలో ఉండి, నా ప్రాణమిత్రులు, సంఘసేవకులు రామమోహనరావుగారిని..."

"సంఘసేవకులు అవసరమా బావగారూ?"

"ఉంటే నమ్ముతారు. రాయండి. ఇంగ్లీషులో పెట్టండి. కింద సంతకం కాస్త వణికించండి, మంచాన ఉన్న మనిషి కదా!"

ఆంజనేయప్రసాద్ కాగితం మీద పెన్ను వణికించబోయాడు.

"అంకుల్," అంది ఫార్మసిస్టు. "సదాశివం అంకుల్ సంతకం మీరు వెడ్తుండ్రా?"

పెన్ను ఆయన చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వెళ్ళి అద్దానికి తగిలి ఆగింది.

"మాది కరీంనగర్ అంకుల్. నా పేరు నాగజ్యోతి, బ్యాడ్జీ మీద పట్టలేదు. మొత్తం ఇన్న. నవదీప్ నుంచి బ్రహ్మదేవుని దాన్క అంత ఇన్న."

రామమోహనరావు మాస్కు పైకి లాక్కున్నాడు. లాక్కోవడానికి ఇంకేమీ మిగల్లేదు, కళ్ళు తప్ప.

"దొంగ ఉత్తరం జూస్తె నేను పోలీసులకు ఫోన్ జెయ్యాలె. ఆ కాయితం నాది, పెన్ను నాది. రేపొద్దున ఎవలన్న అడిగితె పొయ్యేది గూడ నా నౌకరే," అంది నాగజ్యోతి. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నేనింక సూడలే. చింపి గా డబ్బల ఎయ్యిండ్రి."

ఇద్దరూ చింపారు. రామమోహనరావు మరీ సన్నగా చింపాడు.

"ఇప్పుడు మంచిగ జెప్త, ఇనుండ్రి. మందు మీ పేర్న ఉంటె ఐడీ సూపెట్టి తీస్కపోండ్రి, రెండు నిమిషాల పని. ఇంకొకల ముందు జెప్పబుద్ధి గాకపోతె, అగో, గా గదుంది. ఒక్కొక్కలు వచ్చి తలుపేస్కొని నాకు జెప్పుండ్రి. ఒకరి సంగతి ఇంకొకరికి నేను జెప్ప. గట్ల జెప్పకపోవుడు గూడ నా నౌకరే. ఒంటిగంటకు బంద్ జేస్త."

పక్కన చిన్న గది. తలుపు మీద 'కన్సల్టేషన్' అని రాసి ఉంది. కావలసినంత చాటు. ఒక్కటే చిక్కు: ముందు ఎవరు లోపలికి అడుగు పెడితే వాళ్ళకి ఫ్రెండు లేనట్టే.

"మీరు వెళ్ళండి బావగారూ," అన్నాడు రామమోహనరావు.

"మీరే వెళ్ళండి."

"నాకేం పని? సదాశివానికి ఫోన్ చేసి, నువ్వే రావాలిట అని చెబుతాను. మరి మీరు?"

"నవదీప్‌కి నేనూ అదే చెబుతాను."

ఎవరూ ఫోన్ తీయలేదు. ఎవరూ కదల్లేదు. పన్నెండూ నలభై రెండు. నలభై నాలుగు. రామమోహనరావు గోడ మీది నోటీసుని వేదం చదివినంత శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి నడుము వెనక్కి పోయి, కోటు కింద ఎక్కడో గట్టిగా నొక్కుకుంటోంది. ఆ నొక్కుడు ఆంజనేయప్రసాద్‌కి బాగా తెలుసు. అది ఫ్రెండు కోసం వచ్చినవాళ్ళు నొక్కుకునే చోటు కాదు.

నలభై ఏడు. అరగంట నిలబడ్డందుకు ఎడమ కాలు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి లోపల నిప్పు రాజుకుంది. గోడకి చెయ్యి ఆనించాడు. కళ్ళ ముందు రేపటి మండపం నిలిచింది. పీట. పురోహితుడు సంకల్పం చెబుతున్నాడు. పది నిమిషాలు. పదకొండో నిమిషానికి పెళ్ళికూతురి తండ్రి కలశం మీదికి ఒరిగిపోతాడు. నాలుగు వందలమంది లేచి నిలబడతారు. వెనక వరుసలో ఎవడో తప్పకుండా అంటాడు: "పొద్దున్నే పట్టించినట్టున్నాడు!"

గంజాయి వాడుతున్నాడని తెలియకూడదని దాక్కుంటే, తాగుబోతని పేరొస్తుంది. అదీ సిరి పెళ్ళిలో, వీడియోలో, జీవితాంతం ఉండిపోయేలా.

ఆంజనేయప్రసాద్ గది వైపు చూడలేదు. నేరుగా కౌంటరు దగ్గరికి నడిచాడు. లైసెన్సు తీసి అద్దం కింద పెట్టాడు.

"ఆంజనేయప్రసాద్. పదకొండు, ఎనిమిది, అరవై ఆరు. మందు నాదేనమ్మా. ఫ్రెండూ లేడు, గాడిద గుడ్డూ లేదు. నవదీప్ మా ఆఫీసులో ప్రింటర్లు బాగుచేస్తాడు, వాడు గుండ్రాయిలా ఉన్నాడు."

నాగజ్యోతి నవ్వలేదు. లోపలికి వెళ్ళి తెల్ల కాగితం సంచీ తెచ్చింది. లేబులు మీద పేరు చూసింది, లైసెన్సు మీద ముఖం చూసింది, ఆయన ముఖం చూసింది. గులాబీరంగు ప్రిస్క్రిప్షన్ తీసి రిజిస్టరు పక్కన పెట్టుకుంది.

"ఛ!" అన్న మాట వెనక నుంచి వచ్చింది. "బావగారూ, మీరా?"

రామమోహనరావు మాస్కు దించేశాడు. ఉగాది వేదిక ఎక్కినప్పటి ముఖం వచ్చేసింది.

"పిల్లనిచ్చే పెద్దమనిషి అనుకున్నాను. మా వాళ్ళకి ఏమని చెప్పుకోను? మా అబ్బాయి రిషికి తెలిస్తే ఎంత కుమిలిపోతాడు! మన సంస్కృతి ఏమిటి, మన విలువలేమిటి..."

"మందండీ, బావగారూ. డాక్టరు రాశాడు."

"దొంగసారా కూడా మందనే తాగుతారు!"

ఆంజనేయప్రసాద్ చెవులు వేడెక్కాయి. ఇంకా ఎంతసేపు సాగేదో కానీ, రామమోహనరావు చూపు గడియారం మీద పడింది. పన్నెండూ యాభై రెండు. ఉపన్యాసం కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. దగ్గరికి వచ్చి, చెవిలో నోరు పెట్టాడు.

"సరే, అయిందేదో అయింది. మునిగినవాడికి చలేముంది? ఆ లోపల రామమోహనరావు పేరుతో ఇంకో సంచీ ఉంటుంది. అదీ మీకేనని చెప్పి పట్టుకొచ్చెయ్యండి."

"సదాశివంగారిది కాదటండీ?"

"ఆయన... ఆయనే నా పేరుతో రాయించుకున్నాడు. అదంతా ఎందుకు? మగపెళ్ళివారిగా ఇప్పటిదాకా ఒక్క లాంఛనం కూడా అడగలేదు నేను. ఇదొక్కటీ అడుగుతున్నాను."

అడగనివాటిలో హోటల్లో తూర్పు ముఖం గదులున్నాయి, అయిదింటికల్లా ఫిల్టరు కాఫీ ఉంది, మేనత్తలు తొమ్మిదిమందికీ ఒకే అంచు చీరలున్నాయి. శివపార్వతి అవన్నీ చేసిపెట్టింది. ఆడపిల్లవాళ్ళు వద్దనరు. పెళ్ళి పీటల దాకా ఆ మాటకి నోరు తిరగదు.

"అంకుల్," అంది నాగజ్యోతి. సంచీ మీద ఆమె చెయ్యి అలాగే ఉంది. "ఏమంటుండు గాయన?"

విన్నదో లేదో ముఖం చూస్తే తెలియలేదు. తెలియనివ్వకపోవడం కూడా ఆవిడ నౌకరీలో భాగమే కాబోలు. ఆంజనేయప్రసాద్‌కి ఒకటి మాత్రం తెలుసు. ఇప్పుడు ఇంకో అబద్ధం ఆడితే ఆ సంచీ వెనక్కి పోతుంది, రేపటి పీటా పోతుంది, క్లినిక్ వాళ్ళ దగ్గర తన ఫైలూ పోతుంది. నిజం చెబితే, రేపు పదింటికి మండపంలో ఎదురుగా ఉండే మనిషి ఈ రాత్రే అలుగుతాడు. అలిగిన మగపెళ్ళివారు ఏం చేస్తారో చెప్పడానికి ప్రతి తెలుగింట్లో ఒక కథ ఉంటుంది.

"ఏం లేదమ్మా," అన్నాడు. "ఆయన ఫ్రెండు ఆరోగ్యం గురించి బెంగ పెట్టుకున్నారు. నాది నాకివ్వు, సంతకం పెడతాను."

పెట్టాడు. వణికించకుండా, తన సంతకమే. సంచీ అందుకుని వియ్యంకుడి వైపు తిరిగాడు.

"అబద్ధాలు నావి నాకే చాలలేదు బావగారూ. మీకెక్కడి నుంచి తెచ్చిపెట్టేది?"

రామమోహనరావు ముఖం కుంకుమ రంగుకి తిరిగింది. "మాట్లాడుకుందాం," అన్నాడు. "రేపటికి ఇంకా చాలా టైముంది."

ఆంజనేయప్రసాద్ నేల చూస్తూ బయటికి నడిచాడు. బస్సు స్టాపులో నిలబడ్డ రెండో నిమిషానికి లోపల కౌంటరు షట్టరు దిగిన చప్పుడైంది. వియ్యంకుడు మసక అద్దాల తలుపు తోసుకుని వచ్చాడు. తలుపేసుకుని చెప్పడానికి కూడా నోరు రాలేదు కాబోలు, రెండు చేతులూ ఖాళీ. టాక్సీ ఎక్కడానికి వంగి, సగంలో ఆగి, తలుపు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత ఎక్కాడు. ఇటువైపు చూడలేదు.

సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. నంబరు చూడగానే శివపార్వతి చేతిలో పూలబుట్ట వదిలేసింది. ఆమెకి మధ్యాహ్నమే అంతా చెప్పాడు. నాలుగు గంటల నుంచి ఇద్దరూ ఈ ఫోన్ కోసమే కాచుకుని ఉన్నారు.

"అన్నయ్యగారూ," అంది అవతల రామమోహనరావు భార్య విజయ. "మీ బావగారు మీకొక మాట చెప్పమన్నారు."

"చెప్పండమ్మా."

"రేపు ఆయన కింద కూర్చోరట. కుర్చీ వేయించాలట. ఎత్తుది. చేతులున్నది. మెత్తటి దిండు కూడా ఉంటే మంచిదట. మా వంశంలో పెళ్ళికొడుకు తండ్రి ఆసనం మీదే కూర్చోవడం ఆనవాయితీ అట." ఆవిడ గొంతు తగ్గించింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ ఆనవాయితీ నాకూ ఇవాళే తెలిసిందండీ."

ఆంజనేయప్రసాద్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "సింహాసనమే వేయిద్దాం చెల్లెమ్మా," అన్నాడు.

నిజంగానే వేయించాడు. రిసెప్షన్ వేదిక కోసం తెచ్చిన ఎర్ర వెల్వెట్ కుర్చీ, రెండు చేతులకీ బంగారు రంగు సింహాలు. మర్నాడు పొద్దున రామమోహనరావు దాని మీద మండపం పక్కన కొలువుదీరాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "అబ్బో, ఏం పొగరమ్మా! పిల్లనిచ్చినవాడు కింద, ఈయన సింహాల మీద!" అని హారో ఆంటీలు కాఫీలు పట్టుకుని చెప్పుకున్నారు. నాటింగ్‌హామ్ వాళ్ళేమో మా అధ్యక్షుడంటే అంతే మరి అని ఛాతీలు విరిచారు. ఆ కుర్చీ ఎందుకొచ్చిందో తెలిసినవాళ్ళు నలుగురే. అందులో ఒకామె పెళ్ళికూతురు, మామగారి ముఖం వైపు చూస్తే నవ్వొస్తుందని జీలకర్ర బెల్లం దాకా తలెత్తలేదు. అంతా సిగ్గనుకున్నారు.

ఆంజనేయప్రసాద్ పీట మీద కూర్చున్నాడు. పదకొండో నిమిషం వచ్చింది, వెళ్ళింది. నొప్పి పక్క గదిలోనే ఉంది. అప్పుడప్పుడు తలుపు గీకింది కానీ బయటికి రాలేదు. గంటన్నర తర్వాత నీళ్ళ ధార వదిలిన చెయ్యి కూడా వణకలేదు.

అప్పగింతలకి పాలపళ్ళెం తెచ్చారు. సిరి చేతులు పాలలో ముంచి, తండ్రి వాటిని అత్తమామల చేతుల్లో పెట్టాలి. విజయ కింద కూర్చునే అందుకుంది. రామమోహనరావు కుర్చీలోంచి ముందుకి వంగాలి. వంగాడు. సగం దాకా వచ్చి ఆగిపోయాడు. ముఖం మీద చెమట గింజలు కట్టింది. బ్యాండు మేళం గట్టిగా ఊదుతోంది. ఫొటోగ్రాఫరు "ఇంకొంచెం వంగండి అంకుల్" అంటున్నాడు.

"బావగారూ." ఆ గొంతులో ఉగాది వేదిక లేదు, లాంఛనం లేదు. "మీ జేబులో ఉందేమో. రెండే రెండు చుక్కలు. ఎవరూ చూడరు." అన్నాడు రామమోహనరావు. "సదాశివం లేడు. నాకే."

పాలు కారుతున్న కూతురి చేతుల్ని ఆంజనేయప్రసాద్ ఇంకాస్త పైకెత్తి, ఆయన చేతుల్లో పెట్టాడు. ఆ నొప్పి తనకి తెలుసు. జాలేసింది కూడా.

"అమ్మాయిని ఇచ్చేస్తున్నాను బావగారూ," అన్నాడు మెల్లగా. "సీసా మాత్రం ఇవ్వను. నా పేరు మీదున్న మందు మీరు తాగితే ఇద్దరం జైలుకే. రేపు సోమవారం, తొమ్మిదింటికి తెరుస్తారు. పేరూ పుట్టిన తేదీ చెబితే చాలు, ఆ పిల్ల ఇంకేమీ అడగదు."

సిరి భుజాలు కదిలాయి. పెళ్ళికూతురు ఏడుస్తోందని ఆంటీలందరూ కళ్ళొత్తుకున్నారు.

రామమోహనరావు కోడలి చేతులు పట్టుకుని, వంగిన నడుము ఎత్తలేక అలాగే కాసేపు ఉండిపోయాడు. తర్వాత అటూ ఇటూ చూసి, ఇంకా గొంతు తగ్గించి అడిగాడు:

"సోమవారాలు జనం ఎక్కువుంటారా?"